పిడికెడు గింజల సంఘం

“ఇయ్యాల్టి సంది ఎవ్వలు గూడ సంఘం అనొద్దు. కూటం అనాలె. ఆడోళ్ళకు నువ్వు చెప్పు.”

రాహేలమ్మ మోకాళ్ల మీద కూర్చుని మందిరం నేల అలుకుతోంది. మోచేతుల దాకా పేడ. శనివారం అలికింది సరిగా ఆరకపోతే ఆదివారం మగవాళ్ల ధోవతులకు మరకలంటుతాయి, ఆ మాట మళ్లీ ఆమె మీదికే వస్తుంది. పెనిమిటి దానియేలు గడప అవతలే చెప్పులతో నిలబడి ఈ కబురు చెప్పాడు. అలికిన నేల తొక్కకూడదన్న జ్ఞానం ఉన్న మనిషే. అది ఎవరు అలుకుతున్నారన్న సంగతి మాత్రం ఆయనకు ఏనాడూ పట్టలేదు.

“సంఘాన్ని సంఘం అనక ఏమంటరు?” అంది ఆమె తలెత్తకుండానే.

“కూటం అంటరని చెప్పిన గద! దొర గడీల మిలిట్రీ దిగింది. సంఘం అన్న మాట ఇనవడితె చాలు, మంచా చెడా చూస్తలేరు, గుంజుకపోతున్నరు. మీ ఆడోళ్ళు నోరు జారిన్రంటే అది నా మెడకు చుట్టుకుంటది.”

నా మెడకు అన్నాడు. మన మెడకు అనలేదు. రాహేలమ్మ మళ్లీ పేడనీళ్లలో చేయి ముంచింది.

ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. ఇప్పలగడ్డ ఊళ్లో ఆ ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి. వాడలో క్రైస్తవులైన కుటుంబాలకు సంఘమంటే ఆదివారం మందిరంలో కూడే తామంతా. మిగతా ఊరికంతా సంఘమంటే దొరల మీద తిరగబడి, వెట్టి మాన్పించి, బంజర్లు పంచిన ఎర్రజెండా సంఘం. ఆ సంఘాన్ని వెతుక్కుంటూ నిన్నమొన్నటి దాకా రజాకార్లు వచ్చి ఇళ్లు తగలబెట్టారు. నిజాం లొంగిపోయాడు, యూనియన్ మిలిట్రీ వచ్చింది, పీడ వదిలిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. తీరా చూస్తే పట్నం పారిపోయిన దొర మనుషులు ఆ మిలిట్రీ వెంటే తిరిగొచ్చారు. నకిరేకల్ దారిన దుమ్ము లేచిందంటే ఇప్పటికీ వాడ మొత్తం తలుపులు వేసుకుంటుంది. మిలిట్రీ వెతికేదీ సంఘాన్నే. సంఘంలో ఉన్నవాళ్లు అడవి పట్టారు, పేరులో మాత్రమే సంఘం ఉన్నవాళ్లు ఊళ్లో దొరుకుతున్నారు.

అందుకే దానియేలు మొదట మందిరంలో బల్ల మీద పరిచే ఎర్రగుడ్డను మాయం చేశాడు. మిషను దొరసాని ఇచ్చిన గుడ్డ అది, ఏం లాభం, రంగు ఎరుపు. తర్వాత పుస్తకాలు. పుస్తకం దొరికినవాణ్ణి సంఘపోడని పట్టుకుపోతున్నారని విని బైబిలును జొన్నల గుమ్మిలో పూడ్చిపెట్టాడు. ఆదివారం తవ్వి తీయడం, ఆరాధన కాగానే మళ్లీ పూడ్చడం. తీసేదీ, దులిపేదీ, పూడ్చేదీ రాహేలమ్మే. ఇప్పుడు మాట వంతు వచ్చింది.

ఆయన్ను అందరూ అయ్యగారు అంటారు, ఆమెను అమ్మగారు అంటారు. మిషను జీతం అయ్యగారికి. అమ్మగారికి పని. నేల అలకాలి, దీపాలకు నూనె పోయాలి, గంట కొట్టాలి, ప్రభువు బల్ల ఆచరణకు రొట్టె కాల్చాలి. పెద్ద పాదిరి వస్తే కోడిని కోసి వండాలి, ఆయన బండి ఎద్దులకు మేత వేయాలి. కాన్పు వస్తే పరుగెత్తాలి, చావు వస్తే స్నానం చేయించాలి. జ్వరమొచ్చి పడుకుంటే “అమ్మగారికే జ్వరమొస్తే మాకు దిక్కెవరు” అని వాడ ఆడవాళ్లు ప్రేమగానే అంటారు, ఆ ప్రేమకు భయపడి ఆమె లేచి కూర్చుంటుంది. పెళ్లై వచ్చిన కొత్తలో అత్త చెప్పిన మాట ఒకటుంది: “నా కొడుక్కు పెండ్లానివి, సంఘానికి కోడలివి. ఇద్దరికీ సరిపడ చెయ్యాలె.” అత్త పోయింది. సంఘం మాత్రం అత్తలాగే మిగిలింది. ఒకసారి పెద్దలంతా కూర్చుని మందిరం కప్పు గురించి మాట్లాడుకుంటుంటే, తూర్పు మూల కారుతోందని రాహేలమ్మ గుమ్మంలోంచి చెప్పబోయింది. కారిన నీళ్లు తుడిచేది ఆమె కాబట్టి ఆమెకు తెలుసు. సంఘపెద్ద గురవయ్య ఆమె వైపు చూడకుండానే, “అయ్యగారూ, అమ్మగారికి లోపల పనేం లేదా?” అన్నాడు. అందరూ నవ్వారు. దానియేలు కూడా నవ్వాడు. ఆ ఏడు వానలకు తూర్పు గోడ కూలింది, మళ్లీ పెట్టిన గోడకు మట్టి తొక్కింది ఆడవాళ్లే.

గడీలో వెట్టి పోయింది, మందిరంలో పోలేదు. ఈ ఆలోచన ఒకరోజు గంట కొడుతుండగా వచ్చింది. దేవుడు విన్నాడేమోనని భయపడి ఆ రోజు ఆమె ఎక్కువసేపు ప్రార్థన చేసింది. ఆలోచన మాత్రం ఎక్కడికీ పోలేదు, ఉప్పులా అడుగున దిగి ఉండిపోయింది.

అలుకుడు ముగించి, చేతులు కడుక్కుని, గంప తీసుకుని బయల్దేరింది. శనివారం గంప ఎత్తే రోజు. వాడలో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక గురిగి ఉంటుంది, దోసిలి కంటే కాస్త పెద్దదైన మట్టిపాత్ర. విసరడానికి జొన్నలు తీసినప్పుడల్లా ఆ ఇంటి ఆడది ముందు ఒక పిడికెడు అందులో వేస్తుంది. అది దేవుని గురిగి. మగవాడు వేయడు, వేసినట్టు ఎవరూ చూడలేదు. ఆ పిడికెడు ఎక్కడి నుంచి తగ్గుతుందో వేసే చేతికే తెలుసు. అందరి కంచాల్లోకీ వెళ్లి చివరికి మిగిలే ఆమె కంచం నుంచి తగ్గుతుంది. శనివారం రాహేలమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆ గింజలు గంపలోకి ఎత్తుతుంది. ఆదివారం దానియేలు గంప మీద చెయ్యి పెట్టి, “మా సంఘం అర్పించిన ఈ కానుకను దీవించు తండ్రీ” అని గొంతెత్తి ప్రార్థిస్తాడు. తర్వాత ఆ గింజలు ఏం చేయాలో మగవాళ్లు కూర్చుని తేలుస్తారు.

ఇంటింటి దగ్గరా ఆగి, “ఇగ నుంచి సంఘం అనొద్దట, కూటం అనాలెనట” అని చెప్పింది. కొందరు తల ఊపారు. కొందరు “ఎందుకట?” అని అడిగి, ఆమె గడీ వైపు చూడగానే అర్థం చేసుకుని నోరు మూసుకున్నారు. ఆమెకు ఒకటే గుబులు. నాలుకకు చిన్నప్పటి నుంచి పట్టిన మాట ఒక్క పూటలో ఎలా వదులుతుంది? తన నాలుకే వదిలేలా లేదు.

అన్నిటికంటే ఎక్కువ గుబులు సుక్కమ్మ గురించి. వాడ చివర ఒంటి గుడిసెలో ఉండే ముసలి విధవ. ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఇప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే. దేవుని గురిగి అన్నదాన్ని ఈ వాడలో మొదలుపెట్టింది కూడా ఆమే. ఆమె పిడికిళ్లతోనే మందిరానికి మొదటి గోడ లేచిందంటారు ఆడవాళ్లు. మిషను దొర కట్టించాడంటారు మగవాళ్లు.

“సుక్కవ్వా, ఇగ నుంచి సంఘం అనొద్దట. కూటం అనాలెనట.”

“ఏంది బిడ్డా?”

“కూటం అనాలె. కూటం.”

“నేను బాప్తిస్మం తీస్కున్నది సంఘంల. గీ ముసల్తనంల నన్ను కూటంల కలుపుతరా?” సుక్కమ్మ బోసి నోటితో నవ్వింది.

“నవ్వకు అవ్వా. మిలిట్రీ తిరుగుతుంది. జర గుర్తు పెట్టుకో.”

“కూటం, కూటం” అని ముసలమ్మ బుద్ధిగా అప్పజెప్పింది. తన గురిగి తెచ్చి గంపలో ఒంపింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “అరుగు మీద గంప పెట్టు, నేను చూస్కుంట. నువ్వు ఎనకకు పోయి రా. పిల్లలు పొద్దటి సంది ఏడుస్తున్నరు.”

వెనక అంటే సుక్కమ్మ గుడిసె వెనక, మట్టిగోడ అవతల ఉండే బిక్షమ్మ ఇల్లు. బిక్షమ్మ పెనిమిటి ఎర్రజెండా దళంలో కలిసి అడవికి పోయాడు. అతను పోయిన వారమే పెద్దలు కూర్చుని, బిక్షమ్మను ప్రభువు బల్లకు రావొద్దన్నారు, సంఘం గింజలు ఆమెకు ఇవ్వొద్దన్నారు. “ఆమె ఇంట్ల గింజ పడితె మన ఇంట్ల మిలిట్రీ పడుతది” అన్నాడు గురవయ్య. పెనిమిటి ఆమెను అడిగి పోలేదు, పెద్దలు ఆమెను అడిగి తీసేయలేదు. ఎవరూ అడగని ఆ మనిషికి ఇద్దరు పిల్లలు. రాహేలమ్మ శనివారం శనివారం ఆ గంపలోంచి కొంగులోకి కొన్ని గింజలు తీసి గోడ దాటుతోంది. ఈ సంగతి సుక్కమ్మకు ఒక్కదానికే తెలుసు. ఇలా చేసిన ప్రతిసారీ ఇంటికి వెళ్లాక ఆమె దానియేలు ముఖం వైపు చూడకుండానే కంచం పెడుతుంది.

కొంగు నిండా గింజలతో ఆమె గోడ అవతలికి అడుగు పెట్టిందో లేదో, అరుగు వైపు బూట్ల చప్పుడు వినిపించింది.

రాహేలమ్మ గోడకు ఆనుకుని ఉన్నచోటే కూలబడింది. బిక్షమ్మ గుడిసెలోంచి తొంగి చూసి, పిల్లల నోళ్లు మూసి లోపలికి లాక్కుంది.

“ఏ ముసల్దానా, ఈ గింజలు ఎవలియే?” ఆ గొంతు ఆమెకు తెలుసు. దొర గుమాస్తా రఘుపతి. పట్నం పారిపోయి మిలిట్రీ జీపులో తిరిగొచ్చిన వాడు. వెంట వచ్చిన మిలిట్రీ జమేదారుకు తెలుగు రాదు, ఊళ్లో వాళ్లకు జమేదారు మాట సరిగా రాదు, మధ్యన రఘుపతి.

“దేవునియి బాంచెను” అంది సుక్కమ్మ.

“దేవునికి ఎవలు ఇస్తున్నరు?”

“మా సం…” ముసలమ్మ ఆగింది. గుర్తొచ్చింది. గోడ ఇవతల రాహేలమ్మ చెవులు రిక్కించింది. ‘కూటం అను అవ్వా, కూటం అను’ అని పెదవులు కదిలించింది. సుక్కమ్మకు ఆ మాట దొరికింది. దొరికిన సంతోషంలో గట్టిగా చెప్పింది. “కూటం! మాది సంఘం కూటం!”

రఘుపతి నవ్వాడు. ఆ నవ్వులోనే రాహేలమ్మకు అంతా అర్థమైంది. వాడికి తెలుసు. క్రిస్మస్ నాడు మందిరం గుమ్మంలో నిలబడి బూందీ పొట్లం అందుకున్న వాడే, ఈ సంఘమేదో ఆ సంఘమేదో వాడికి తెలియక కాదు. వాడలో వాళ్లు గడీ పనికి పోవడం మానేసిన కక్ష వాడిది. జమేదారు వైపు తిరిగి తురకంలో ఏదో చెప్పాడు. మీటింగు అన్న మాట, సంఘమన్న మాట, రాశన్ అన్న మాట ఆమెకు విడివిడిగా తెలిశాయి. ఒక్క మాటకు భయపడితే ముసలమ్మ నోట రెండు మాటలూ కలిసి వచ్చాయి. మీటింగులు పెట్టి సంఘానికి తిండి పంపుతున్నారు, అంతే, తేలిపోయింది.

ఎవరో పరుగెత్తుకు పోయి దానియేలును తీసుకొచ్చారు. ఆయన రొప్పు గోడ ఇవతలికి వినిపించింది. వచ్చాడు, ఇక చెప్తాడు అనుకుంది రాహేలమ్మ. ఆమెకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

“బాంచెను, గా గింజలకు నాకు సంబంధం లేదు” అన్నాడు దానియేలు. “ఆడోళ్ళు ఆడోళ్ళు కలిసి ఏదో ఎత్తుకుంటరు. అవి వాళ్ళియే. మాకు తెల్వది.”

కొంగులో గింజలు ఒక్కసారిగా బరువెక్కినట్టయింది ఆమెకు. పోయిన ఆదివారం ఇదే గొంతు, గంప మీద చెయ్యి పెట్టి, మా సంఘం అర్పించిన కానుక అంది.

“ఆడోళ్ళదా? అయితే లీడరు ఎవలు? గంప ఎవలిది?”

ఇప్పుడు లేవాలి. గోడ దాటి వెళ్లి గంప నాదే అనాలి. రాహేలమ్మకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు. కాళ్లు లేవలేదు. వెళితే కొంగు చూస్తారు, కొంగు చూస్తే బిక్షమ్మ ఇల్లు చూస్తారు. అది నిజమే. కాని కాళ్లు లేవనిది అందుకు మాత్రమే కాదు, అది కూడా ఆమెకు తెలుసు. భయం వేసింది. ఒట్టి భయం.

“గంప నాదే బాంచెను” అంది సుక్కమ్మ. “నేనే తిరిగి ఎత్తుత.”

“నడువు మరి.”

“జర ఆగుండ్రి. గురిగి మీద మూత పెట్టొస్త. ఎలుకలున్నయి.”

అప్పటికే ఒంపేసిన ఖాళీ గురిగి మీద మూత పెట్టి, ముసలమ్మ వాళ్ల వెంట నడిచింది.

మధ్యాహ్నానికి పెద్దలంతా దానియేలు ఇంట్లో కూడారు. రాహేలమ్మ పొయ్యి ముందు. ఊరు మునిగిపోతున్నా కూడినవాళ్లకు గటక ఉడకాల్సిందే. లోపలి నుంచి ప్రతి మాటా వినిపిస్తోంది. ముసల్ది ఎవరి పేరు చెప్తుందో అని ఒకరు. మొదటి నుంచి ఆమెకు నోరెక్కువే అని ఒకరు. తానే వెళ్తానన్నవాడు ఒక్కడూ లేడు. చివరికి గురవయ్య గొంతు సవరించుకున్నాడు.

“అమ్మగారిని పంపుదాం. పోయి కాళ్ళు మొక్కి, ఇది ఆడోళ్ళ ముచ్చట, సంఘానిది కాదు అని చెప్తె అయిపాయె. ఆడమనిషిని ఏమంటరు?”

ఆడమనిషిని ఏమంటారో వాడలో ఆడవాళ్లందరికీ తెలుసు. రజాకార్లు ఏమన్నారో తెలుసు, మిలిట్రీ క్యాంపుకు పోయి వచ్చిన పక్క ఊరి ఆడవాళ్లు ఏమీ చెప్పకపోవడం కూడా తెలుసు. ఆ మాట విని దానియేలు ఏమంటాడా అని రాహేలమ్మ గరిటె పట్టుకుని ఎదురుచూసింది. ఆయన ఏమీ అనలేదు. ఆమెకు ఇన్నేళ్ల కాపురంలో ఎన్నోసార్లు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఇది ఆ రెండూ కాదు. ఎవరూ లేరు అన్న తెలివిడి.

గరిటె కింద పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

“పోత. కని నువ్వు గూడ రావాలె” అంది పెనిమిటితో.

“నేనెందుకే?”

“గా గింజలు మీయి కావని మీరు చెప్తెనే నమ్ముతరు. ఆడదాని మాట ఎవలు నమ్ముతరు? గురవయ్య పెద్దనాయినను అడుగు.”

గురవయ్యకు అందులో తప్పేమీ కనిపించలేదు. “నిజమే అయ్యగారూ. మన మాట మనం చెప్పుకోవాలె” అని తానూ చెప్పులేసుకున్నాడు.

దానియేలు కోటు తొడుక్కుంటుండగా ఆమె గుమ్మి దగ్గరికి వెళ్లింది. జొన్నల్లోకి మోచేతి దాకా చేయి పెట్టి బైబిలు తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే సరిగా తెలియదు. ఆయనను నమ్మి వెళ్లడానికి ధైర్యం చాలలేదు, ఇంకేదో ఒకటి దగ్గర ఉండాలనిపించింది. కొంగు కింద పెట్టుకుని బయటికి వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు. అందరి వెనకగా, కొంగు తల మీదికి లాక్కుని బిక్షమ్మ ఉంది.

“నువ్వెందుకు వచ్చినవ్?” అని రాహేలమ్మ భయంగా అడిగింది.

“మీరు ఎందుకు పోతున్నరో గందుకే” అంది బిక్షమ్మ.

గడీ వాకిట్లో సుక్కమ్మ జొన్నలు దంచుతోంది. ఉదయం పట్టుకెళ్లిన గంప పక్కనే ఉంది. దేవుని గింజలే, మిలిట్రీ వాళ్ల రొట్టెల కోసం. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అదే రోలు దగ్గర వెట్టికి దంచానని ఆమె ఎన్నోసార్లు చెప్పింది, మళ్లీ ఆ గడప తొక్కనని కూడా చెప్పింది. రోకలి పైకి లేస్తోంది, కింద పడుతోంది. వీళ్లను చూసి ఆపబోయి, రఘుపతి వైపు చూసి ఆపలేదు. రాహేలమ్మకు ఆ రోకలి తన రొమ్ము మీద పడుతున్నట్టుంది.

జమేదారు మంచం మీద కూర్చుని జామకాయ కోసుకుంటున్నాడు. రఘుపతి వీళ్లు వచ్చిన సంగతి చెప్పి, దానియేలు వైపు తిరిగాడు.

“ఒట్టు పెట్టి చెప్పమంటుండు సాబు. గింజలు ఎవలియి?”

“ఆడోళ్ళయి బాంచెను! నా పెండ్లం మీద ఒట్టు” అంటూ దానియేలు ఆమె తల మీద పెట్టడానికి చేయి ఎత్తాడు.

రాహేలమ్మ తల పక్కకు తీసుకుంది. చేయి గాలిలో ఉండిపోయింది. ఆమె కొంగు కింది నుంచి బైబిలు తీసి రెండు చేతులతో ఆయన ముందు పట్టుకుంది.

“నా మీద ఎందుకు? దీని మీద పెట్టు.”

దానియేలు ఒక అడుగు వెనక్కి వేశాడు. పుస్తకం! గడీ వాకిట్లో, మిలిట్రీ ముందు! ఆయన చేయి పెట్టేదాకా ఆమె పుస్తకం దించలేదు. భయంలో ఆయన అడగనిది కూడా చెప్పాడు. “గా పిడికెడు గింజలు ఆడోళ్ళియే. వాటి మీద మా మగోళ్ళకు ఏ హక్కు లేదు, ఏ అధికారం లేదు. ఇప్పుడు లేదు, ఇగ ఎన్నడు లేదు. దేవుని తోడు.”

జమేదారు జామకాయ పక్కన పెట్టి లేచాడు. పుస్తకం మీద సిలువ గుర్తును వేలితో తాకి చూశాడు.

“బైబిల్? గిర్జా?”

గిర్జా అంటే మందిరమని దానియేలుకు తెలుసు. “జీ సాబ్! గిర్జా! గిర్జా!” అని అరిచినంత పని చేశాడు. జమేదారు రఘుపతి వైపు తిరిగి ఏదో గద్దించాడు. రఘుపతి నసిగాడు, చేతులు నలిపాడు, ఆడవాళ్ల గుంపులో ఎవరినో వెతుకుతున్నట్టు చూశాడు. బిక్షమ్మ ముందు నిలబడ్డ ఆడవాళ్లు పక్కకు జరగలేదు.

“గిర్జా కా బడా కౌన్?” అన్నాడు జమేదారు.

మందిరానికి పెద్ద ఎవరు అని. ఆ మాట పూర్తి కాలేదు, దానియేలు కోటు గుండీ పెట్టుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. “మై, సాబ్. మై.”

వెనక గురవయ్య కూడా గొంతు సవరించుకుని ఆయన పక్కకు చేరాడు.

రాహేలమ్మకు నవ్వొచ్చింది. ఆ చోట, ఆ భయంలో నవ్వు రావడమేమిటో అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు.

సుక్కమ్మను వదిలారు. గంప మాత్రం గడీలోనే ఉండిపోయింది, దాన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ముసలమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. బిక్షమ్మ ఒక రెక్క, రాహేలమ్మ ఒక రెక్క పట్టుకుని నడిపించారు.

“బిడ్డా, నేను మాట తప్పు చెప్పిన్నా?” అని దారిలో అడిగింది సుక్కమ్మ.

“తప్పు నీది కాదు అవ్వా. నేనే రాలేదు. గోడ ఎనకనే ఉన్న.”

“నాకు ఎరుకే. నువ్వు వస్తె పిల్లలు దొరుకుదురు గద.”

రాహేలమ్మ ఆ మాట పట్టుకుని బతకొచ్చు. కాని ఆ పూటకు ఆమె దాన్ని పట్టుకోలేదు, ముసలమ్మ చేతిని పట్టుకుంది.

మగవాళ్లు ముందు నడుస్తున్నారు. జమేదారుతో తాను తురకంలో ఎలా మాట్లాడిందీ దానియేలు అప్పుడే చెప్పడం మొదలుపెట్టాడు.

తర్వాతి వారమంతా ఆమెకు లోపల కుదురు లేదు. నీళ్లు తోడుతూ, విసురుతూ, గురిగిలో పిడికెడు వేస్తూ ఆయన చెప్పిన మాటలే తలుచుకుంది. ఏ హక్కు లేదు. ఇగ ఎన్నడు లేదు. ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. ఆమె మరిచిపోకూడదనుకుంది. శనివారం వచ్చినా ఆమె కొత్త గంప అల్లించలేదు. ఆ పొద్దున్నే దానియేలు పక్క ఊరికి బోధకు వెళ్లాడు.

ఆదివారం ఆరాధన చివర ఆయన కళ్లు మూసుకుని, “మా కూటం అర్పించిన ఈ కానుకను…” అంటూ అలవాటుగా చెయ్యి చాపాడు. చేతికి ఉత్త బల్ల తగిలింది. కళ్లు తెరిచి చూశాడు. గంప లేదు. ఆడవాళ్ల వైపు, ముందు వరుసలో, సుక్కమ్మ పక్కన బిక్షమ్మ కూర్చుని ఉంది, ఇద్దరు పిల్లలతో. ప్రార్థన ఎలాగో ముగించాడు. జనం లేస్తుండగా గురవయ్యను వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

“పిడికెడు ఏదే?”

“బిక్షమ్మకు ఇచ్చినం. ఆమె గురిగి నిండింది.”

“ఎవల్ని అడిగి ఇచ్చిన్రు?” అన్నాడు గురవయ్య. “మా గింజలు…”

“మీయి కావు పెద్దనాయినా. అయ్యగారు పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పిండు. మీరు గూడ ఉంటిరి.”

గురవయ్య దానియేలు వైపు చూశాడు. దానియేలు బైబిలు వైపు చూశాడు. ఒట్టు తప్పమని అయ్యగారికి చెప్పడం సంఘపెద్ద వల్ల కాలేదు. ఈ మాట గడీ దాకా పోతే ఏమవుతుందో రాహేలమ్మకు తెలుసు. ఇంటికి వెళ్లాక ఏమవుతుందో అదీ తెలుసు. కాళ్లు మాత్రం ఈసారి గట్టిగా నిలబడ్డాయి.

“అయినా అడిగే ఇచ్చినం” అంది. “సంఘాన్ని అడిగి ఇచ్చినం.”

దానియేలు గబుక్కున తలుపు వైపు చూశాడు. “మెల్లగ, మెల్లగ అనవే!” అని గుసగుసగా అరిచాడు. “సంఘం ఎప్పుడు కూడింది? నేను లేకుంట?”

“నిన్న పొద్దుగాల కూడింది” అంది రాహేలమ్మ, మామూలు గొంతుతోనే. “సుక్కవ్వ అరుగు మీద.”